ఐదు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ అవుతారన్నారు: నా డబ్బు, నా అనుభవం, నా మార్కులు

పాడేరు వైపు కాఫీ రైతు బృందాల దగ్గర ఆరేళ్లుగా అంతర్గత తనిఖీలు చేస్తున్నాను. పంటను ప్రమాణాల ప్రకారమే పండించారని ధ్రువీకరించే సర్టిఫికేషన్ సంస్థ నుంచి ఇన్‌స్పెక్టర్ రాకముందే ప్రతి రైతు తోటకూ వెళ్లి, ఏం వేశారు, ఏం చల్లారు, ఎన్ని కిలోల పండ్లు కోశారు అని చూసి కాగితాలు సిద్ధం చేసే పని. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చిన రోజు మా ప్రాణాలు మా దగ్గర ఉండవు. ఆయన పెన్ను మూత తీశారంటే ఏదో దొరికిందని అర్థం. ఇన్నేళ్లూ బల్లకు ఇటువైపు నిలబడ్డాను కదా, ఒక్కసారి అటువైపు కూర్చుందామన్న ఆశ పుట్టింది. ఆ ఆశతోనే గత ఆగస్టులో విశాఖపట్నంలో ఒక సంస్థ పెట్టిన ఐదు రోజుల శిక్షణకు డబ్బు కట్టాను. వ్యవసాయ క్షేత్ర ప్రమాణాల తనిఖీ, ఆడిట్ అని కోర్సు పేరు.

సంస్థ పేరు రాయడం లేదు. భయం అనుకున్నా ఫరవాలేదు. అనుభవ ధ్రువీకరణ లేఖ ఒకటి వాళ్ల నుంచి ఇంకా రావాల్సి ఉంది.

ముందు డబ్బు సంగతి. ప్రకటనలో 18,000 అని పెద్ద అక్షరాలతో ఉంది. ఫోను చేసి వివరాలు అడిగినప్పుడు కూడా అదే మాట. తీరా కట్టే రోజున జీఎస్టీ కలిపి 21,240 అయింది. పన్ను కట్టడానికి నాకేమీ బాధ లేదు, ముందే చెప్పకపోవడమే బాధ. మధ్యాహ్న భోజనం, రెండు పూటల టీ, ఒక ఫైలు, ఒక పెన్ను, పరీక్ష ఫీజు ఇందులోనే. బస మనదే. నేను మురళీనగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉన్నాను కాబట్టి ఆ ఖర్చు మాడుగుల హల్వా పొట్లంతో సరిపోయింది. బస్సు ఎలాగూ ఘాట్ దిగాక మాడుగుల మీదుగానే వస్తుంది.

శిక్షణ ద్వారకానగర్‌లో ఒక హోటల్ రెండో అంతస్తు హాలులో జరిగింది. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లవచ్చు, అది మంచి విషయం. బయట ఆగస్టు ఉక్క, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. లోపల ఏసీ మాత్రం లంబసింగి జనవరిని తలపించింది. రెండో రోజు నుంచి అందరం శాలువాలు, తువ్వాళ్లు తెచ్చుకున్నాం. భోజనం బాగుంది. ముఖ్యంగా మూడో రోజు పనసపొట్టు కూర. ఇంతకు మించి హాలు గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మొత్తం 14 మందిమి. అప్పుడే వ్యవసాయ డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు ముగ్గురు, మామిడి ప్యాక్‌హౌసులో నాణ్యత చూసే ఇద్దరు, పురుగుమందుల దుకాణం మూసేసి వచ్చిన ఒకాయన, బ్యాంకులో పంట రుణాలు చూసి రిటైరైన ఒక పెద్దాయన, ఇలా రకరకాల వాళ్లు. నా పక్క కుర్చీలో భీమిలి దగ్గర రొయ్యల చెరువుల మీద ఇరవై ఏళ్లు పనిచేసిన ఒక టెక్నీషియన్ కూర్చున్నారు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రోజంతా స్లైడ్లే. హైదరాబాద్ నుంచి వచ్చిన సార్ ప్రమాణాల చరిత్ర చెప్పారు. యూరప్‌లోని సూపర్ మార్కెట్ల వాళ్లు 1997లో మంచి వ్యవసాయ పద్ధతులకు ఒక ప్రమాణాన్ని యూరెప్‌గ్యాప్ అని మొదలుపెట్టారట, 2007లో దాని పేరు గ్లోబల్ గ్యాప్‌గా మారిందట. మన దేశంలో సేంద్రియ ఎగుమతులకు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, అందరూ ఎన్‌పీఓపీ అంటారు, 2001లో వచ్చింది. అది వాణిజ్య శాఖ కిందది, నడిపేది వ్యవసాయ ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ అపెడా. ఇవి తెలియాల్సినవే. కానీ గంటన్నర చెప్పాల్సినవి కావు. పైగా ఎన్‌పీఓపీ స్లైడ్లు పాత కూర్పువి. ఎనిమిదో కూర్పు 2025 జనవరిలోనే విడుదలైంది, రైతు బృందాలకు చట్టబద్ధమైన సంస్థ హోదా ఉండాలన్న మార్పు మాలాంటి వాళ్ల నెత్తి మీదే పడింది. ఆ మార్పు అడుగుదామని చేయి ఎత్తితే సార్ కాస్త తడబడి, చివర్లో చూద్దామన్నారు. చివర అంటే ఐదో రోజు సాయంత్రం, అప్పటికి ఆయన విమానం ఎక్కేశారు. ప్రమాణాలు నేర్పే చోట పాత ప్రమాణం పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. పాత కూర్పు పత్రం పట్టుకుని మేము తోటల్లో తిరిగితే మాకు లోపం రాస్తారు కదా!

ఇంతవరకు చదివి డబ్బు దండగ అనుకునేరు. రెండో రోజు మేడమ్ వచ్చారు.

ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా తోటల్లో, చేలల్లో ఆడిట్లు చేసినవారు. చెప్పులు చూస్తేనే తెలుస్తుంది, హోటల్ హాలుకు కూడా మట్టి అంటిన పాత తోలు చెప్పులతోనే వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు, స్లైడ్లు పెట్టలేదు. బోర్డు మీద ఒక లెక్క రాశారు. ఒక కాఫీ బృందం రిజిస్టర్ ప్రకారం రైతులు కోసిన పండ్లు 48 టన్నులు. అమ్మిన శుద్ధి చేసిన గింజలు 12 టన్నులు. "ఎవరికైనా ఏమైనా కనిపిస్తోందా?" అన్నారు.

డిగ్రీ పిల్లలు గబగబా ఫైళ్లు తిరగేశారు. నాకు తిరగేయాల్సిన అవసరం లేదు. ఆరు కిలోల పండ్లకు కిలో గింజలు వస్తాయి, బాగా దిగుబడి వచ్చిందనుకుంటే అయిదున్నరకు ఒకటి. 48 టన్నులకు 8 టన్నులు, మహా అయితే తొమ్మిదికి కాస్త అటూ ఇటూ. మిగిలిన మూడు, నాలుగు టన్నులు ఎక్కడివి? సర్టిఫికెట్ లేని తోటల నుంచి కలిపి ఉంటారు, లేదా పండ్ల లెక్క తక్కువ రాసి ఉంటారు. రెండూ తప్పే, కానీ రెండూ ఒకటి కాదు. ఏదో ఒకటి తేల్చాలంటే పండ్ల తొక్క తీసే పల్పింగ్ యూనిట్ కరెంటు బిల్లు చూడాలి, ఆరబెట్టే కళ్లం వైశాల్యం చూడాలి, కోతకు వచ్చిన కూలీల మస్టరు చూడాలి అన్నారు మేడమ్. ఒక్కో కాగితం ఒక్కో సాక్షి. సాక్షులందరూ కలిసి ఒకే అబద్ధం ఆడడం కష్టం. ఈ లెక్కనే మాస్ బ్యాలెన్స్ అంటారు. ఆరేళ్లుగా అందులోనే మునిగి ఉన్నాను, అటువైపు నుంచి ఇంత సులువుగా కనిపిస్తుందని మాత్రం తెలియదు.

తర్వాత ప్రశ్నలు అడిగే పద్ధతి. "మీరు నిషేధిత మందులు కొట్టారా?" అని అడిగితే ప్రపంచంలో ఏ రైతైనా లేదనే చెబుతాడు. "మొన్న కాయతొలుచు పురుగు బాగా వచ్చిందటగా, ఏం చేశారు, ఎక్కడ కలిపారు, డ్రమ్ము ఎక్కడ కడిగారు, చూపించండి" అంటే కథ దానంతటదే బయటికి వస్తుంది. దీన్ని ఆవిడ ఒక నాటకంలా ఆడించారు. మందుల దుకాణం ఆయన రైతు, నేను ఇన్‌స్పెక్టర్. మూడు నిమిషాల్లో ఆయన నన్ను తన ముగ్గురు కూతుళ్ల పెళ్లి కబుర్లలోకి లాక్కుపోయారు. నా చెక్‌లిస్ట్ ఖాళీగా ఉండిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే కొంచెం ఉక్రోషం వచ్చింది.

నాలుగో రోజు క్షేత్ర పర్యటన. ఈ కోర్సులో కట్టిన ప్రతి రూపాయీ నా దృష్టిలో ఈ ఒక్క రోజుకే. పొద్దున్నే మినీ బస్సులో హనుమంతవాక, ఆనందపురం దాటి పద్మనాభం మండలంలో ఒక రైతు చేనుకు తీసుకెళ్లారు. వంకాయ, బీర, గట్టు మీద జీడిమామిడి. సేంద్రియం కాదు, మంచి వ్యవసాయ పద్ధతుల కింద నడిచే చేను. మందులు కొట్టవచ్చు, కాకపోతే ఏది, ఎంత, ఎప్పుడు, కోతకు ఎన్ని రోజుల ముందు అన్నదానికి లెక్క ఉండాలి.

మమ్మల్ని నలుగురైదుగురు చొప్పున విడగొట్టారు. మా వంతుకు స్టోరు గది వచ్చింది. నేను చూసి, ధీమాగా "స్టోరు గది పరిశుభ్రంగా లేదు" అని రాసి ఇచ్చాను. మేడమ్ ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశారు.

"పరిశుభ్రత మీ అమ్మగారికి ఒకలా, మా అత్తగారికి ఒకలా ఉంటుంది. మీరు ఏం చూశారో అది రాయండి."

మళ్లీ లోపలికి వెళ్లాను. ఈసారి నిజంగా చూశాను. తలుపు పక్కన కుడి మూల వేరుశనగ విత్తనాల సంచి. దానికి ఆనుకుని ఒక సీసా, మూత లేదు, మూతికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. లేబుల్ సగం చిరిగింది, మిగిలిన సగంలో పసుపు త్రికోణం కనిపిస్తోంది. లేబుల్ మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల వరుసలో పసుపు రెండోది, అంటే బాగా విషపూరితం. సంచి కింది భాగం గుండ్రంగా తడిసి ఆరిన మరక. సీసా పెట్టిన పీట మీదా అదే మరక. అదంతా రాశాను. ప్రమాణంలో ఏముంది, నేను చూసింది ఏమిటి, రెండింటికీ తేడా ఎక్కడ, ఇలా మూడు ముక్కలుగా. రెండోసారి మేడమ్ ఏమీ అనలేదు, కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఆవిడ దగ్గర అదే శభాష్ అని అప్పటికి అర్థమైంది.

ఆ రోజు నాకు గుర్తుండిపోయింది స్టోరు గది కాదు, డైరీ. రైతు దగ్గరి ఫామ్ డైరీ మేడమ్ చేతికి తీసుకుని, చదవకుండా పేజీలు అలా తిప్పారు. తర్వాత నా చేతికి ఇచ్చారు. మూడు నెలల నమోదులు. తేదీలు సరిగ్గా ఉన్నాయి, మందు పేర్లు ఉన్నాయి, మోతాదులు ఉన్నాయి. నాకు తప్పేమీ కనిపించలేదు.

"సిరా చూడమ్మా" అన్నారు.

మూడు నెలలూ ఒకే నీలం పెన్ను. అక్షరాల వాలు ఒకటే, ఒత్తిడి ఒకటే. ఒక్క పేజీ కూడా నలగలేదు. మట్టి వేలిముద్ర లేదు, చెమట మరక లేదు. ఒక్కసారే కూర్చుని రాసిన డైరీ అది. పక్కనే నిలబడ్డ రైతు, "మా అబ్బాయి రాశాడమ్మా, నాకు చదువు రాదు" అన్నాడు నెమ్మదిగా.

నా ముఖం వేడెక్కింది. ఎందుకంటే పాడేరులో నలభై మంది రైతుల డైరీలు, ఆడిట్‌కు ముందు రెండు రాత్రులు కూర్చుని, ఒకే పెన్నుతో నేనే రాశాను. ఒకసారి కాదు, ప్రతి ఏడూ. అడ్డగోలు అబద్ధాలు రాయలేదు. రైతు చెప్పిందే రాశాను, నాకు గుర్తున్నదే రాశాను. కానీ అడిగిన రోజు వేరు, రాసిన రోజు వేరు. ఆ మధ్యలో ఎన్ని జారిపోయాయో నాకే తెలియదు.

తిరుగు బస్సులో మేడమ్ పక్కన కూర్చుని ఈ విషయం చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, మినీ బస్సు కుదుపులకు నోరు జారినట్టుంది. ఆవిడ తిట్టలేదు.

"చదువు రాని రైతుకు రాసిపెట్టడం తప్పు కాదు. ఎవరు రాశారో, ఏ రోజు రాశారో దాచిపెట్టడం తప్పు. రాసినవారు అని ఒక గడి పెట్టండి, మీ సంతకం పెట్టండి, రైతు వేలిముద్ర తీసుకోండి. ఆలస్యంగా రాస్తే ఆలస్యంగా రాశామనే రాయండి. ఇన్‌స్పెక్టర్‌కు కావాల్సింది అందమైన డైరీ కాదు."

ఇది ఎంత పెద్ద విషయమో ముందు రోజు చెప్పిన మరో లెక్కతో కలిపి చూస్తే తెలుస్తుంది. గ్లోబల్ గ్యాప్‌లో రైతులు బృందంగా సర్టిఫికెట్ తీసుకుంటే, బయటి ఇన్‌స్పెక్టర్ అందరి చేలకూ వెళ్లడు. బృందం సంఖ్యకు వర్గమూలం తీసి, అంతమందిని చూస్తాడు. 400 మంది ఉంటే 20 మంది. మిగిలిన 380 మంది సంగతి మాలాంటి అంతర్గత తనిఖీదారుల కాగితాల మీదే నిలబడుతుంది. ఆ 380 డైరీలూ ఒకే నీలం పెన్నుతో ఉంటే ఇక చెప్పేదేముంది? ఇంటికి వెళ్లగానే మా డైరీల్లో ఆ గడి పెట్టించాను. మా బృందం కార్యదర్శి మొదట కొరకొరా చూశాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

మేడమ్‌కు నూటికి వంద వేస్తాను. సంస్థకు వేయలేను, దానికి మూడు కారణాలు.

మూడో రోజు ఉదయమే సార్ నిష్పాక్షికత గురించి పాఠం చెప్పారు. ఆడిట్లకు మార్గదర్శి అయిన ఐఎస్‌ఓ 19011, 2018 కూర్పులో ఏడు సూత్రాలు ఉన్నాయి, వాటిలో స్వతంత్రత ఒకటి. సలహా ఇచ్చినవాడే తనిఖీ చేయకూడదు, తనిఖీ చేసేవాడికి ఫలితంలో లాభం ఉండకూడదు. బాగుంది. అదే సాయంత్రం టీ దగ్గర నిర్వాహకుడు ఒకాయన అందరికీ ఒక కరపత్రం పంచారు. మీకు తెలిసిన రైతు బృందాలను మా కన్సల్టెన్సీకి తీసుకురండి, ఒక్కో బృందానికి ఇంత కమీషన్ అని అందులో ఉంది. రేపు ఇన్‌స్పెక్టర్లు కాబోయే వాళ్లకు! రిటైర్డ్ బ్యాంకు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "పొద్దున చెప్పిన పాఠానికి ఇది ఉదాహరణ అనుకుంటాను" అన్నారు. నిర్వాహకుడికి అర్థం కాలేదు.

రెండోది పరీక్ష. ఐదో రోజు రెండు గంటల రాత పరీక్ష, 70 మార్కులు దాటితే పాస్. నాకు 78 వచ్చాయి. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో, సమాధానాలూ ఇంగ్లీషులోనే రాయాలి. ఇక్కడే నా పక్క కుర్చీ భీమిలి ఆయన సంగతి. రొయ్యల గురించి ఆయనకు తెలిసినంత ఆ హాలులో ఎవరికీ తెలియదు. మేత రసీదులు చూసి చెరువులో ఎంత రొయ్య ఉండాలో నోటితో లెక్క కట్టేవారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌లు దొరికితే విదేశీ రేవులో కంటైనరు మొత్తం ఎలా ఆగిపోతుందో, అందుకే మందుల రిజిస్టర్ కన్నా ముందు కూలీ గుడిసె గూట్లో ఏ సీసాలున్నాయో ఎందుకు చూడాలో మాకు విడమరిచి చెప్పింది ఆయనే. మేడమ్ కూడా రాసుకున్నారు. అలాంటి మనిషికి 61 వచ్చాయి. తెలియక కాదు, ఇంగ్లీషు వాక్యం కుదరక. విశాఖలో, తెలుగు రైతుల చేలు చూడబోయే తెలుగువాళ్లకు, సమాధానం తెలుగులో రాసే వీలు ఇస్తే పోయేదేమిటి? తుది నివేదిక ఇంగ్లీషులో ఉండాలి, ఒప్పుకుంటాను. అది వేరే నైపుణ్యం, దాన్ని విడిగా నేర్పవచ్చు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. "ఐదు రోజుల్లో ఇన్‌స్పెక్టర్" అన్న ప్రకటన. అది నిజం కాదు. చేతికి వచ్చేది శిక్షణ పూర్తి చేసినట్టు ధ్రువపత్రం మాత్రమే. ఇన్‌స్పెక్టర్‌గా మనల్ని ఆమోదించాల్సింది సర్టిఫికేషన్ సంస్థ. వాళ్లు ముందు చదువు చూస్తారు, వ్యవసాయంలో పని అనుభవం చూస్తారు, ఆహార భద్రత మీద, ఆహారంలో ప్రమాదాలు ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అదుపు చేసే హాసాప్ పద్ధతి మీద శిక్షణ ఉందా అని అడుగుతారు. ఆ తర్వాత అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టర్ వెంట పరిశీలకులుగా తిరగాలి, ఆపైన మనం తనిఖీ చేస్తుంటే మరొకరు వెనక నిలబడి మనల్ని చూస్తారు. అప్పుడు గానీ సొంతంగా పంపరు. నాకు పరిశీలకురాలిగా మూడు ఆడిట్లు చేయమన్నారు. రెండు అయ్యాయి, ఒకటి అరకు వైపు, ఒకటి అనకాపల్లి దగ్గర. రాకపోకల ఖర్చు నాదే. కాఫీ కోతల సీజను కావడంతో మూడోది ఆలస్యమైంది. హాసాప్ శిక్షణకు విడిగా ఇంకో ఫీజు. డిగ్రీ పిల్లల్లో ఒకమ్మాయి ఈ కోర్సు అవగానే నెల జీతం వస్తుందని ఇంట్లో చెప్పి వచ్చింది. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పింది సంస్థ కాదు, నాలుగో రోజు తిరుగు బస్సులో మేడమే.

కాబట్టి ఎవరు చేరవచ్చో నా లెక్క చెబుతాను. ఇప్పటికే చేలో, చెరువులో, ప్యాక్‌హౌసులో మూడు నాలుగేళ్లు పనిచేసి, మరో ఏడాది ఓపిక పట్టగలిగితే చేరండి, మీకు తెలిసినదాన్ని అటువైపు నుంచి చూడడం వస్తుంది. చదువు అవగానే ఉద్యోగం కోసమైతే వద్దు, ఆ 21,240తో ముందు ఏదైనా రైతు బృందం దగ్గర ఏడాది పనిలో చేరే ఏర్పాటు చూసుకోండి. చేరేముందు మాత్రం ఫోనులో మూడు విషయాలు గట్టిగా అడగండి. క్షేత్ర పర్యటన ఎన్ని గంటలు, ఎవరు తీసుకెళ్తారు, పాఠాలు ఏ కూర్పువి. శాలువా తీసుకెళ్లండి.

మేడమ్ లేకుండా ఈ కోర్సుకు అయిదుకు రెండు. ఆవిడతో కలిపి మూడున్నర.

భీమిలి ఆయన నిన్న ఫోను చేశారు. మళ్లీ పరీక్షకు 2,500 కట్టారట. తెలుగులో రాయనిస్తారా అని లిఖితపూర్వకంగా అడిగితే, పరిశీలిస్తామని జవాబు వచ్చిందట. పరీక్ష వచ్చే సోమవారం. ఈలోగా నేను రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోనులో ఆయనకు లోపాల నివేదికలు ఇంగ్లీషులో రాయిస్తున్నాను, ఆయన నాకు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల లెక్క నేర్పుతున్నారు.